ఆది చొక్కాలు

ఈ వేసవిలో ఒక సాయంత్రం భాయ్ మా ఇంటికి వచ్చాడు. మదనపల్లె బజారులో ముప్పై ఏళ్లు టైలరింగ్ దుకాణం నడిపి, చూపు తగ్గాక మూసేసిన మనిషి. మెట్టు తడుముకుంటూ ఎక్కి, కుర్చీలో కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు పూర్తిగా తాగి, అప్పుడు చెప్పాడు.

"మాస్టర్ పోయినాడు సాబ్. కుప్పంలో. నెల దాటిందంట. నాకు నిన్న తెలిసింది."

ఆయనే మళ్లీ అన్నాడు.

"చివర్లో దిండు గలీబులు కుడతా ఉన్నాడంట. దుప్పట్లకు అంచులు. ఏం చేతులు సాబ్ అవి! ఆ చేతులతో దిండు గలీబులు."

వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగాడు. "మీరు ఏదైనా రాయండి. మంచోడు, రాయాల. కానీ పేరు వద్దు. ఊరు అసలే వద్దు. ఒకసారి రాసినారు కదా, చాలు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

కాబట్టి ఇందులో ఆయన పేరు ఉండదు. ఊరు ఉండదు. భాయ్ దుకాణంలో అందరూ పిలిచినట్టే మాస్టర్ అంటాను.

డెబ్బైలలో భాయ్ దుకాణంలో ఆయన కటింగ్ మాస్టరు. పొట్టి మనిషి. మెడలో టేపు ఎప్పుడూ ఒక వైపు పొడుగ్గా, ఒక వైపు పొట్టిగా వేలాడుతుండేది. చెవి మీద పెన్సిలు ఉండేది కాదు, నీలం సుద్ద ముక్క ఉండేది. కొలతకు నిలబడినవాడి రెండు భుజాల మీదా రెండు చేతులూ వేసి, గోడకు మట్టి మెత్తినట్టు మెల్లగా కిందికి ఒత్తేవాడు. "దించప్పా, దించు. ఊపిరి వదులు. ఈడ ఎవురూ నిన్ను కొట్టరు."

టేపు చూడగానే మగవాళ్లు పొట్ట లోపలికి లాక్కుంటారు. ఆయన దానికి నవ్వేవాడు. "టేపు సూస్తే ప్రతి మొగోడూ పహిల్వానే. నేను నీ ఊపిరికి కుట్టాల్నా, నీకు కుట్టాల్నా?" అనేవాడు. అవతలివాడు నవ్వగానే పొట్ట దానంతటది బయటికి వచ్చేది. సరిగ్గా అప్పుడు టేపు బిగించి అంకె పైకి చదివేవాడు. నవ్వించకుండా నడుము కొలవడం ఆయనకు చేతకాదు.

మనిషి భుజాలు చూసి పని చెప్పేవాడు. ఒక గుమాస్తాతో అన్న మాట నాకు గుర్తుంది. "కుడి భుజం అరంగుళం దిగింది సారూ. ఏం మోస్తాండారు, సంచా, సంసారమా?" ఆ గుమాస్తా దుకాణమంతా వినేటట్టు నవ్వి, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. ఆ దిగిన భుజం ఎవరికీ కనపడకుండా ఆయన చొక్కా కుట్టాడు. అదీ ఆయన పని. వంకర ఉన్న చోట బట్ట వంకరను మోసేది, మనిషి తిన్నగా నడిచేవాడు.

ఊరి అవతల క్షయ ఆస్పత్రి ఉండేది. అక్కడ ఏడాదీ రెండేళ్లూ ఉండి, నయమై, ఒళ్లు చేసి ఇంటికి వెళ్లేవాళ్లకు పాత బట్టలు పట్టేవి కావు. బజారులో మిగతా టైలర్లు వాళ్లు దగ్గరికి వస్తే ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకునేవాళ్లు. మాస్టర్ తానే సైకిలు వేసుకుని ఆస్పత్రికి వెళ్లేవాడు. ఒకసారి ఆయనతో వెళ్లాను. కొలతకు నిలబడినాయన, రోగం పోయినా భయం పోక, ముఖం పక్కకు తిప్పుకుని నోరు మూసుకున్నాడు. మాస్టర్ ఆయన గడ్డం పట్టుకుని తిన్నగా తిప్పాడు. "యాల ప్పా అట్ల దాచుకుంటావు? మెడ కొలవాల నేను. నయమైపోయినాక నువ్వూ నేనూ ఒగటే." ఆ మనిషి ఏడ్చాడు. రెండేళ్లలో తన్ను డాక్టరూ నర్సూ తప్ప ఎవరూ ముట్టుకోలేదని చెప్పాడు.

మాస్టర్‌ను ఊరు సాయిబు అనుకునేది. భాయ్ దుకాణంలో ఉంటాడు, ఉర్దూ గడగడా మాట్లాడతాడు, భాయ్ క్యారియరులోనే అన్నం తింటాడు. అంతకు మించి ఎవరూ అడగలేదు. ఆయన అవుననలేదు, కాదనలేదు. నేనూ అట్లాగే అనుకున్నాను.

మా ఊరి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. మదనపల్లె చదువుకున్న ఊరు. కాలేజీ ఉంది, లైబ్రరీలు ఉన్నాయి, ఆదివారం ఆదివారం చర్చా వేదిక ఉండేది. సర్వమానవ సౌభ్రాతృత్వం అనే మాట మా ఊళ్లో తలుపుల మీద రాసి ఉండేది. ఆ వేదిక అధ్యక్షుడు రిటైరైన లెక్చరరు గారు. ఏడాదికోసారి సహపంక్తి భోజనం పెట్టించేవారు. నేను ఫోటో తీయించి, వార్త రాసి, కవరులో పెట్టి బస్సు డ్రైవరుకిచ్చి పేపరుకు పంపేవాణ్ని. 'మన ఊళ్లో ఎవరూ కులం అడగరు' అని లెక్చరరు గారు ప్రతి సభలోనూ అనేవారు. నిజమే. కులం అడగరు. 'మీదే ఊరు?' అని అడుగుతారు. చెబితే, 'ఊళ్లో ఎక్కడ?' అంటారు. ఆ రెండో ప్రశ్న ఎందుకో అప్పట్లో నాకు తోచలేదు.

ఎమర్జెన్సీ పోయిన తర్వాతి రోజుల్లో మా పేపరు మామూలు మనుషుల మీద వారానికొక వ్యాసం అడిగింది. నేను మాస్టర్ గురించి రాస్తానన్నాను. దుకాణం వెనక గదిలో కూర్చున్నాం. ఆయన సంతోషంగా గంటసేపు మాట్లాడాడు. చివర్లో నేను ఊరూ, తండ్రి పనీ అడిగాను. సుద్ద ముక్క చెవి మీంచి తీసి చేతిలో తిప్పాడు.

"అది గూడా రాయాల్నా ప్పా?"

"ఊరు లేకుంటే పేపరోళ్లు వేయరు మాస్టర్."

చెప్పాడు. మదనపల్లెకు నడిచి రాగలిగిన ఊరు. ఊరికి అవతల హరిజనవాడ. తండ్రి ఒక రెడ్డిగారి దగ్గర పాలేరు. భాయ్ వాళ్ల నాయన ఈయన్ను చిన్నప్పుడు చేరదీసి, కాజాలు కుట్టడం దగ్గర్నుంచి పని నేర్పించాడు. నేను ఆశ్చర్యపోయాను. తర్వాత పొంగిపోయాను. ఎంత గొప్ప వ్యాసం అనుకున్నాను.

"భయం లేదా ప్పా?" అన్నాడు.

"మన ఊరు అట్లాంటిది కాదు మాస్టర్. నిన్ను నెత్తిన పెట్టుకుంటారు."

ఆయన కొంచెంసేపు ఆలోచించి, "సరే, రాయి. మా నాయన పేరు గూడా రాయి. ఆయప్ప పేరు యాడా అచ్చు కాలేదు" అన్నాడు.

రాశాను. హరిజనవాడ అన్న మాట శీర్షికలోనే వచ్చింది. ఆదివారం చర్చా వేదికలో లెక్చరరు గారు ఆ వ్యాసం పైకి చదివి, ఇది మన ఊరి ఔన్నత్యానికి నిదర్శనమని చెప్పారు. చప్పట్లు కొట్టారు. మాస్టర్ వెనక వరసలో నిలబడి నమస్కారం పెట్టాడు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం దుకాణానికి వెళ్లాను. భాయ్ నమాజుకు వెళ్లాడు. మాస్టర్ ఒక్కడే బల్ల దగ్గర ఉన్నాడు. కత్తెర ఆడటం లేదు.

"రా ప్పా. నీకొకటి సూపిస్తా" అని అలమర తెరిచాడు.

అరల నిండా మడతపెట్టిన పాత చొక్కాలు, ప్యాంట్లు, రెండు మూడు కోట్లు. ఒక్కోదానికీ కొత్త గుడ్డ దారంతో కట్టి ఉంది. కొలతలకు నిలబడకుండా, ఒంటికి సరిపోయే పాత బట్ట ఒకటి ఇచ్చి దీనిపాటికే కుట్టమనడం ఎక్కడైనా ఉన్నదే. దాన్ని ఆది అంటారు. ఆడవాళ్లు రవికలకు ఇస్తారు. మగవాళ్లు ఇవ్వడం తక్కువ.

"అన్నీ ఆదులే. నీ పేపరు రాకముందు నెలకు ఒకటో రెండో. ఇప్పుడు సూడు. పదైదు దినాలాయ, నేను ఒక మనిషి మీద టేపు ఏసి."

"పనేం తగ్గలేదు కదా మాస్టర్?"

"తగ్గలే. ఇంకా పెరిగినాది. గుడ్డకు నేను గావాల. ఒంటికి వద్దు."

నేను గట్టిగా వాదించాను. జనానికి తీరిక లేదన్నాను. ఎండలు ముదిరాయన్నాను. ఎవరైనా ఒక్క మాట అన్నారా అని అడిగాను.

"ఒక్కరు గూడా అన్లే. అందరూ మర్యాదగానే ఉండారు. ముందు ఏమప్పా అనేటోళ్లు ఇప్పుడు ఏమండీ అంటాండారు. చొక్కా బల్ల మీద పెడ్తారు, నా సేతికి గూడా ఇయ్యరు. దీనిపాటికే కుట్టండి అంటారు, పోతారు. తిట్టింటే నేనూ ఒగ మాట అంటా కదప్పా. ఈ మర్యాదకు ఏం జవాబు సెప్పేది?"

"అదంతా నీ అనుమానం. మదనపల్లెలో అట్లా ఉండదు."

నా ముఖంలోకి చూశాడు. "సరే ప్పా. నీకు కనపడదు" అని అలమర మూశాడు.

ఆ రోజు నా చేతిసంచిలో కూడా ఒక పాత చొక్కా ఉంది. 'అక్కడ నిలబడి కొలతలెందుకు, ఆది ఇచ్చేసి రండి' అని మా ఆవిడ పెట్టింది. నేను ఏమీ ఆలోచించకుండా తెచ్చాను. సంచి విప్పకుండా ఇంటికి తీసుకుపోయాను. అది కూడా నాకు అప్పట్లో ఏమీ చెప్పలేదు. లేక చెప్పినా నేను వినలేదు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. లెక్చరరు గారి కోటు సరిగ్గా రాలేదని, మాటా మాటా పెరిగి మాస్టర్ మానేశాడని మాత్రమే అప్పుడు విన్నాను. అసలు సంగతి ఈ వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు భాయ్ చెప్పాడు.

లెక్చరరు గారిని మద్రాసులో ఒక సభకు పిలిచారు. కొత్త కోటు కావాలి. నాలుగేళ్ల కిందట మాస్టర్ కుట్టిన పాత కోటే ఆదిగా పంపారు. మాస్టర్ ఆయన్ను వీధిలో దూరం నుంచి చూసి, "నడుము రెండంగుళాలు పెరిగినాది, ఒక్కసారి రమ్మను భాయ్" అన్నాడు. భాయ్ రెండుసార్లు కబురు పెట్టాడు. 'ఆది ఇచ్చాను కదా' అని రెండుసార్లూ జవాబు వచ్చింది. మాస్టర్ ఆదిని బల్ల మీద పరిచి, నూలుపోగు కూడా తేడా లేకుండా అట్లాగే కుట్టాడు. కొత్త కోటు అచ్చంగా పాత కోటులాగే వచ్చింది. గుండీ పడలేదు.

లెక్చరరు గారు దుకాణానికి వచ్చారు. అప్పుడు కూడా కేకలు వేయలేదు. 'భాయ్, ఈ మధ్య పనిలో శ్రద్ధ తగ్గింది' అన్నారు. మాస్టర్ మెడలోంచి టేపు తీసి ఒక అడుగు ముందుకు వేశాడు. లెక్చరరు గారు భాయ్ వైపు తిరిగి చేతులు చాచారు. 'మీరు కొలవండి భాయ్, ఆయన్ను శ్రమ పెట్టడం ఎందుకు.' భాయ్ టేపు కోసం మాస్టర్ వైపు చెయ్యి చాపాడు. లెక్చరరు గారు చాలా మెల్లగా, 'వేరేది లేదా?' అన్నారు.

"డ్రాయరు తెరిచి కొత్త టేపు తీసినాను సాబ్" అన్నాడు భాయ్. "నా క్యారియరులో తిన్నోడు. మా అబ్బాజాన్ చెయ్యి పట్టి నేర్పిచ్చినోడు. వాడి ముందర ఆ డ్రాయరు నేను తీసినాను. గిరాకీ పోతాదని భయం. యా అల్లా, ఆ డ్రాయరు."

మరునాడు మాస్టర్ రాలేదు.

కొన్ని నెలలకు పుంగనూరు సంత మీద ఏదో రాయడానికి వెళ్లినప్పుడు కనిపించాడు. ఒక బియ్యం కొట్టు పంచలో కుట్టుమిషను వేసుకున్నాడు. ఒళ్లు తగ్గింది. ఎట్లా ఉంది ఇక్కడ అంటే, మిషను పక్కనున్న చెక్కపెట్టె చూపించాడు. దాని మీద నాలుగు మడత చొక్కాలు.

"ఇక్కడ కూడా తెలిసిపోయిందా?" అన్నాను.

"పంచ గలాయనే నీ పేపరు కత్తిరించి పెట్టుకోనుండాడు. మంచోడే. గర్వంగా సూపిస్తాడు అందరికీ, మా టైలరు పేపర్లో పడినాడు అని." మిషను చక్రం చేత్తో ఆపాడు. "ఒగటి అడుగుతా, నిజం సెప్పు ప్పా. నీ పేపరు యాడిదాకా వస్తాది?"

"జిల్లా అంతా."

"అట్ల గాదు. యాడ సదవరు?"

నవ్వుతూ అడిగాడనుకున్నాను. నవ్వడం లేదు. నేను కూడా తెలివి ఉపయోగించి చెప్పాను. కుప్పం మూలన ఉంది, అటు తమిళ దేశం, ఇటు కన్నడ దేశం, అక్కడ అరవ, కన్నడ పేపర్లే ఎక్కువ, మాది నాలుగు కాపీలు పోతే గొప్ప అన్నాను. ఆయన తల ఊపాడు. నేను సాయం చేశాననుకుని బస్సెక్కాను.

ఆరేళ్లు గడిచాయి. ఒక ఏడాది వానలు లేక కుప్పం వైపు బోర్లన్నీ ఎండిపోతే రాయడానికి వెళ్లాను. రైల్వే స్టేషను వీధిలో నడుస్తుంటే, 'దించప్పా, దించు' అన్న మాట వినపడింది. తిరిగి చూశాను. చిన్న దుకాణం. సొంత బోర్డు. తల నెరిసింది. టేపు అదే విధంగా ఎగుడుదిగుడుగా వేలాడుతోంది. కొలతకు నిలబడినవాడు నవ్వుతున్నాడు.

ఆ మనిషి వెళ్లేదాకా నేను బయటే ఉన్నాను. లోపలికి వెళితే మాస్టర్ గుర్తుపట్టి, వీధి అటూ ఇటూ చూసి, అప్పుడు కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. భార్యను తెచ్చుకున్నాడు, కూతుర్ని స్కూల్లో వేశాడు. గోడకు మేకు కొట్టి కొలతల పుస్తకం వేలాడదీసుకున్నాడు. పేజీల నిండా అంకెలు. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి. ఎంతమంది మనుషులు!

"ఇక్కడ ఏమని చెప్పావు?" అని అడిగాను.

"ఏమీ సెప్పలే. మదనపల్లె పక్క అంటా. సాయిబు అనుకునేటోళ్లు సాయిబు అనుకుంటారు, ఆచారి అనుకునేటోళ్లు ఆచారి అనుకుంటారు. పండక్కి పిలిస్తే పోను. నా బిడ్డ ఎవురింటికీ పోదు, మా ఇంటికి ఎవుర్నీ తేదు. మా తమ్ముడు సస్తే గూడా ఊరికి పోలేదు, ఆడినుంచి ఎవురన్నా ఎంటపడి వస్తారని."

ఇంత విన్న తర్వాత నేను అన్న మాట ఇది. దాచుకోను. "చూశావా మాస్టర్, నిమ్మళంగా ఉన్నావు. కాలం మారింది. మదనపల్లెలో కూడా నాలుగు రోజులు ఓర్చుకుని ఉంటే అందరూ మర్చిపోయేవాళ్లు. నువ్వే తొందరపడ్డావు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. ఏదో అనబోయాడు. అప్పుడే ఒక రైతు లోపలికి వచ్చాడు. పెద్ద మనిషి, తెల్లటి మీసాలు, చంకలో కొత్త గుడ్డ. పాత గిరాకీ అని తెలుస్తూనే ఉంది.

"ఏం మాస్టరూ, కూతురు పెండ్లి. నన్ను గూడా పెండ్లికొడుకు మాదిరి సెయ్యాల నువ్వు."

"సేస్తా ప్పా. ముందు ఊపిరి వదులు. ఈ పొట్టతో పెండ్లికొడుకు అంటే పూజారి పారిపోతాడు."

రైతు పగలబడి నవ్వాడు. మాస్టర్ భుజం కొలిచాడు, అంకె చదివాడు, పుస్తకంలో రాశాడు. ఛాతీ. నడుము. మెడ. చెయ్యి కొలవడానికి రైతు మోచెయ్యి పట్టుకుని పక్కకు చాపాడు.

"ఈ సారు ఎవురు?" అన్నాడు రైతు, నా వైపు చూసి.

"మదనపల్లె. పేపరాయన."

"అట్లనా. నీదీ ఆ పక్కే కదా మాస్టరూ? ఇన్నేండ్లాయ, యా ఊరో సెప్పనే లేదు నువ్వు."

మాస్టర్ టేపు చివర రైతు భుజం మీద పట్టుకునే ఉన్నాడు. తల తిప్పి నన్ను చూశాడు. ఆ చూపు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. వద్దని చెప్పేటంత సమయం అందులో ఉంది. నేను చెప్పలేదు.

ఊరి పేరు చెప్పాడు.

"ఊళ్లో యాడ?" అన్నాడు రైతు మామూలుగా.

"ఊళ్లో కాదు ప్పా. ఊరికి అవతల, హరిజనవాడ. ఈ సారు పేపర్లో గూడా రాసినాడు."

రైతు ముఖం మారలేదు. కోపం రాలేదు, అసహ్యం కనపడలేదు. చాచిన చెయ్యి మాత్రం మెల్లగా కిందికి దిగింది. టేపు జారి పడింది. ఆయన వంగి, బల్ల మీదున్న కొత్త గుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మంచిదండీ" అన్నాడు. "బస్సుకు టైమయింది. ఇంటికాడ ఆది చొక్కా ఉండాది, మనిషితో పంపిస్తాలెండి." చెప్పులు వేసుకుని, నాకు కూడా నమస్కారం పెట్టి వెళ్లాడు.

వీధిలో ఎడ్లబండి ఒకటి పోయింది. మాస్టర్ టేపు ఎత్తి మెడలో వేసుకున్నాడు.

"సూసినావా ప్పా?"

"చూశాను" అన్నాను.

"సాలు."

మేకుకున్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. రైతు పేరు కింద నాలుగు అంకెలున్నాయి, చెయ్యి దగ్గర ఖాళీ ఉంది. ఆయన తలుపు వైపు, ఆ మనిషి పోయిన వైపు కాసేపు కళ్లు చిన్నవి చేసి చూశాడు.

"ఇరవై మూడున్నర" అన్నాడు. పైకి చదివి, రాసుకున్నాడు.